సంఘ సభ్యులు రేట్ల గురించి మాట్లాడుకోవడం ఎంతవరకు చట్టబద్ధం?

ప్రశ్న: కార్యదర్శి_వాద్యసంఘం

సంగీత వాద్యాలకు శ్రుతి చేసి, మరమ్మతులు చేసే పనివారి సంఘానికి నేను ఈ ఏడాది కార్యదర్శిగా ఉన్నాను. సభ్యులలో అధికులు ఒంటరిగా పని చేసుకునేవారే. కొందరి దగ్గర ఒకరిద్దరు సహాయకులుంటారు. శిక్షణ ఇవ్వడం, పరీక్షలు పెట్టడం, ధ్రువపత్రాలు జారీ చేయడం సంఘం ప్రధానమైన పని.

పోయిన వారం కొత్తగా పరీక్ష నెగ్గిన ఒక సభ్యురాలు మా గ్రూపులో ఒక ప్రశ్న పెట్టారు. వాద్యానికి తీగలన్నీ మార్చే పనికి ఎవరెవరు ఎంత తీసుకుంటున్నారో చెబితే తనకు ఒక అంచనా వస్తుందని ఆమె ఉద్దేశం. గంట తిరక్కముందే నలుగురు తమ రేట్లు రాశారు. ఆ తరువాత అందరూ గౌరవించే ఒక పెద్దాయన, ఫలానా మొత్తానికి తక్కువగా ఎవరూ చేయకుండా ఉంటే అందరికీ మేలు జరుగుతుందని రాశారు. దానికి పదిమందికి పైగా సరేనన్నట్టు బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టారు. మా పాత కార్యదర్శి వెళ్లిపోతూ "రేట్ల మాట మాత్రం రానివ్వకండి" అని హెచ్చరించిన సంగతి గుర్తొచ్చి, నేను ఆ సందేశాలన్నీ తొలగించి, ఇక్కడ ధరలు చర్చించవద్దని ఒక వాక్యం రాశాను. అప్పటి నుంచి సభ్యులు నా మీద కోపంగా ఉన్నారు. పని నేర్పే సంఘమే ఆ పనికి ఎంత అడగాలో చెప్పకపోతే కొత్తవారు ఎవరిని అడగాలని వారి వాదన. అందులో న్యాయం ఉందనే నాకూ అనిపిస్తున్నది.

ఆమె ప్రశ్న అడగడమే తప్పా, లేక తప్పు జరిగింది జవాబులలోనా? నేను సందేశాలు తొలగించడం సరైన పనేనా? సంఘం తరఫున రేట్ల సర్వే జరిపి సగటు ప్రకటించవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: పోటీచట్టం_న్యాయవాది

కార్యదర్శి గారూ, నేను పోటీ చట్టం మీద పని చేసే న్యాయవాదిని. మీ సంఘం ఏ దేశంలో నమోదైందో, సభ్యులు ఎక్కడ పని చేస్తున్నారో దాన్నిబట్టి వర్తించే చట్టం మారుతుంది కనుక దీన్ని న్యాయ సలహాగా కాక, విషయం అర్థం కావడానికి ఇచ్చిన వివరణగా తీసుకోండి. అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టం మొదటి సెక్షన్, యూరోపియన్ యూనియన్‌లో ఒప్పందంలోని 101వ అధికరణం, భారతదేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడవ సెక్షన్ ఈ విషయానికి మూలం. మాటలు వేరైనా మూడింటిలోనూ సారం ఒకటే. ఒకరితో ఒకరు పోటీ పడవలసినవారు తమ ధరను ఎవరికి వారు నిర్ణయించుకోవాలి; ఆ నిర్ణయాన్ని నలుగురూ కలిసి తీసుకోకూడదు.

ఆ సభ్యురాలు అడిగిన ప్రశ్న దానంతటదే నేరం కాదు. నలుగురు తమ రేట్లు రాయడంతో కొంత ప్రమాదం మొదలైంది. కానీ అసలు ప్రమాదం ఆ పెద్దాయన వాక్యం దగ్గర ఉంది. అంతవరకు అది సమాచారం. ఆయన వాక్యంతో అది ప్రతిపాదన అయింది. బొటనవేలు గుర్తులతో ఆ ప్రతిపాదనకు సమ్మతి లభించినట్టు చూపడానికి అవకాశం ఏర్పడింది. ఒప్పందం అనగానే కాగితం మీద సంతకాలు ఉండాలని చాలామంది అనుకుంటారు. కుమ్మక్కయినవారు సంతకాలు పెట్టుకోరు కనుక, ఏ దేశంలోనూ న్యాయస్థానాలు వాటి కోసం ఎదురుచూడవు. ఒకరి మాట, దానికి మరొకరి తల ఊపు, ఆ తరువాత మార్కెట్లో ఇద్దరి ప్రవర్తన కలిపి చూసి ఒప్పందం ఉన్నదీ లేనిదీ తేలుస్తాయి.

మీ ఘటనకు చాలా దగ్గరగా ఉన్న తీర్పు ఒకటి ఉంది. లిథువేనియాలో అనేక ట్రావెల్ ఏజెన్సీలు ఈటురాస్ అనే ఒకే బుకింగ్ వ్యవస్థను వాడేవి. 2009లో ఆ వ్యవస్థను నడిపేవారు, ఇకపై ఆన్‌లైన్ తగ్గింపు 3 శాతం దాటదని ఏజెన్సీలకు వ్యవస్థలోనే ఒక సందేశం పంపారు. ఏజెన్సీలు మాట్లాడుకోలేదు, కలుసుకోలేదు. వివాదం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. సందేశం పంపినంత మాత్రాన ఏజెన్సీ దాన్ని చదివిందని తేల్చలేమని, కానీ చదివి తెలుసుకున్న తరువాత కూడా ఊరుకుంటే అందులో పాలుపంచుకున్నట్టు భావించవచ్చని 2016లో ఆ న్యాయస్థానం చెప్పింది. బహిరంగంగా తాను దూరమని ప్రకటించడం, అధికారులకు తెలియజేయడం, లేదా ఆ పరిమితిని మించి తగ్గింపులు ఇస్తూ వచ్చినట్టు చూపడం ఆ భావనను తొలగించుకునే మార్గాలు. మీ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టనివారు కూడా ఈ తీర్పు గురించి ఆలోచించవలసి ఉంటుంది.

అందుకే మీరు సందేశాలు తొలగించడం మంచి పని అని నేను అనలేను. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే, పెద్దాయన వాక్యం ఎవరి ఫోనులోనో స్క్రీన్‌షాట్‌గా మిగిలి ఉంటుంది, మీరు దాన్ని ఖండించినట్టు మాత్రం ఎక్కడా ఉండదు. పైగా విచారణ రాబోతున్నదని తెలిసి చెరిపితే సాక్ష్యాన్ని నాశనం చేశారన్న వేరే ఆరోపణ మెడకు చుట్టుకుంటుంది. సందేశాలను అలాగే ఉంచి, వాటి కింద వెంటనే "కనీస ధర గురించి ఇక్కడ వచ్చిన సూచనను సంఘం అంగీకరించదు, ప్రతి సభ్యుడూ తన ధరను తానే నిర్ణయించుకోవాలి, ఈ చర్చ ఇంతటితో ఆగాలి" అని సంఘం పేరుతో రాసి, చర్చను మూసివేయడం మేలు. అలా రాసిన తేదీ, సమయం మీకు రక్షణ. ఇప్పుడైనా ఆ ప్రకటన పెట్టండి. మీ దగ్గర పాత సందేశాల ప్రతి ఏదైనా ఉంటే భద్రపరచండి.

సంఘం చిన్నది, సభ్యులు చిన్నవారు అన్న ధైర్యం వద్దు. భారత చట్టంలోని మూడవ సెక్షన్ మూడవ ఉపసెక్షన్ ఒకే రకమైన వ్యాపారంలో ఉన్నవారి సంఘాలు తీసుకునే నిర్ణయాలను పేరు పెట్టి చెబుతుంది. అవి ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ధరను నిర్ణయిస్తే పోటీకి హాని జరిగినట్టే ముందుగా భావించి, కాదని నిరూపించుకునే బరువును ఎదుటివారి మీద పెడుతుంది. అమెరికాలో ధరల కుమ్మక్కు క్రిమినల్ నేరం. వ్యక్తులకు 10 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఆచరణలో చిన్న సంఘాల విషయంలో హెచ్చరికలు, రాజీ ఉత్తర్వులే ఎక్కువ. కానీ ఆ ఉత్తర్వును ఏళ్ల తరబడి పాటిస్తూ, న్యాయవాదుల ఫీజులు కడుతూ ఉండటం కూడా చిన్న సంఘానికి శిక్షే.

జవాబు 2: పాతచేతి_పనివాడు

న్యాయవాది గారికి నమస్కారం. మీరు చెప్పిన చట్టాల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఇందులో ఒక పెద్ద అన్యాయం కనిపిస్తున్నది. ఫ్యాక్టరీలో పని చేసే కార్మికులు యూనియన్ పెట్టుకుని, ఇంత కూలి ఇవ్వకపోతే పని ఆపుతామని బహిరంగంగా చెప్పవచ్చు. అదే చేతిపని చేసుకునే నేను, నాలాంటి మరో పనివాడితో కలిసి ఆ మాట అంటే కుమ్మక్కు అయిపోతుందా? మా ఇద్దరి ఆదాయం కలిపినా ఆ ఫ్యాక్టరీ మేనేజరు జీతంలో సగం ఉండదు.

ఇంకొక మాట. మా పనిలో చవకగా చేసేవారి వల్ల పాడయ్యేది వాద్యం. సౌండ్ బోర్డుకు, అంటే వాద్యంలో ధ్వనిని పెంచే చెక్కపలకకు, పగులు వచ్చిందని తెలియకుండానే తీగలు బిగించి పోయినవారి తరువాత, ఆ ఇంటికి వెళ్లి బాగు చేయవలసినవాడిని నేనే. కనీస ధర ఉంటే అటువంటి పని తగ్గుతుంది. ఇది మా లాభం కోసమే అనుకోవడం సరికాదు. ఆ పెద్దాయన అన్నదీ ఈ అర్థంలోనే అయి ఉంటుంది.

జవాబు 3: పోటీచట్టం_న్యాయవాది

పనివాడు గారూ, మీరు లేవనెత్తిన రెండు అంశాలూ న్యాయస్థానాల ముందుకు వచ్చినవే. రెండవది ముందు చెబుతాను, ఎందుకంటే దాని మీద జవాబు తేలికగా తేలిపోయింది.

నాణ్యత కోసమే ధరల పోటీని అరికట్టామని అమెరికాలో ఇంజనీర్ల జాతీయ సంఘం ఒకటి వాదించింది. ఇంజనీరును ఎంపిక చేసుకునే ముందు ధర గురించి బేరాలు జరగకూడదని ఆ సంఘం నియమం పెట్టుకుంది. ధర తగ్గించే పోటీలో పడితే కట్టడాలు కూలి ప్రజల ప్రాణాలకు ముప్పు వస్తుందని చెప్పింది. 1978లో సుప్రీం కోర్టు ఆ వాదనను తిరస్కరించింది. పోటీయే హానికరం అని వాదించడానికి ఈ చట్టంలో చోటు లేదని దాని భావం. వంతెనల విషయంలో ఒప్పుకోని వాదనను వాద్యాల విషయంలో ఒప్పుకుంటారని నేను అనుకోను. నాణ్యత మీద మీ ఆందోళన నిజమైనదే. దానికి పరీక్షలు, ధ్రువపత్రాలు, వినియోగదారులకు అవగాహన కల్పించే కరపత్రాలు ఉన్నాయి. సౌండ్ బోర్డు పరీక్షించకుండా తీగలు మార్చడం ఎందుకు ప్రమాదమో సంఘం ఎంత గట్టిగానైనా రాయవచ్చు. దానికి ధర జతచేయకుండా ఉంటే చాలు.

చదువుకున్న వృత్తులకు మినహాయింపు ఉందన్న నమ్మకం కూడా ఎప్పుడో పోయింది. వర్జీనియా రాష్ట్రంలో ఇల్లు కొనబోయిన గోల్డ్‌ఫార్బ్ దంపతులకు హక్కు పత్రాలు పరిశీలించే న్యాయవాది అవసరమయ్యారు. స్థానిక బార్ సంఘం కనీస రుసుముల పట్టిక ప్రకారం ఆస్తి విలువలో 1 శాతం ఇవ్వవలసి వచ్చింది. తక్కువకు చేసేవారున్నారేమోనని వారు మరో 36 మంది న్యాయవాదులకు ఉత్తరాలు రాస్తే 19 మంది జవాబిచ్చారు. పట్టిక కన్నా తక్కువ తీసుకుంటామన్నవారు ఒక్కరూ లేరు. 1975లో సుప్రీం కోర్టు ఆ పట్టికను ధరల కుమ్మక్కుగా తేల్చింది. నా వృత్తివారికే ఈ పాఠం మొదట చెప్పారన్న సంగతి మీకు కాస్త ఊరట కలిగించవచ్చు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఇందులో మీ బాధకు బలం ఉంది. మనిషి శ్రమ సరుకు కాదని అమెరికాలో 1914 నాటి క్లేటన్ చట్టం ఆరవ సెక్షన్ చెబుతుంది. కార్మిక సంఘాలకు రక్షణ అక్కడి నుంచి వచ్చింది. కానీ ఆ రక్షణ యజమాని దగ్గర జీతానికి పని చేసేవారిది. సొంతంగా ధర చెప్పి, సొంత పనిముట్లతో, పలువురు ఖాతాదారులకు పని చేసేవాడిని చట్టం ఒక వ్యాపారంగా చూస్తుంది, అతను ఎంత పేదవాడైనా సరే. వాషింగ్టన్‌లో పేద నిందితుల తరఫున కోర్టు నియామకంతో వాదించే న్యాయవాదులు 1983లో, తమ గంట రేటు పెంచేదాకా కొత్త కేసులు తీసుకోబోమని కలిసి మానేశారు. వారి రేట్లు నిజంగానే తక్కువని అందరూ ఒప్పుకున్నారు. అయినా 1990లో సుప్రీం కోర్టు దాన్ని చట్టవిరుద్ధమైన బహిష్కరణ అన్నది. శాసనసభ్యులకు విన్నవించుకోవడం వేరు, కలిసి పని మానేసి ధర పెంచుకోవడం వేరు. యూరోపియన్ కమిషన్ మాత్రం 2022లో కొంత మెత్తబడింది; ఉద్యోగుల పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒంటరి స్వయం ఉపాధి పనివారు తమ పని షరతుల మీద సామూహికంగా బేరమాడుకోవడానికి వీలిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. అయితే అది పెద్ద సంస్థలకు, యాప్‌లకు పని చేసేవారిని ఉద్దేశించినది. ఇంటింటికీ వెళ్లి పని చేసే మీకు అది వర్తించడం కష్టం. చట్టం ఇక్కడ సరైన గీత గీసిందా అని అడిగితే, లేదనే నా అభిప్రాయం. కానీ గీత అక్కడే ఉంది.

జవాబు 4: సంఘాల_నిర్వాహకురాలు

వేరే వృత్తికి చెందిన ఒక సంఘానికి నేను చాలా ఏళ్లు కార్యాలయ నిర్వహణ చూశాను. సర్వే గురించి అడిగారు కనుక నా అనుభవం చెబుతాను.

సర్వే జరపడం సాధ్యమే, కానీ మేము మొదటిసారి జరిపినప్పుడు తప్పు చేశాము. సభ్యుల నుంచి రేట్లు మేమే సేకరించి, ప్రాంతాలవారీగా పట్టిక తయారు చేశాము. ఒక ప్రాంతం గడిలో ఇద్దరే జవాబిచ్చారు. పట్టికలో పేర్లు లేకపోయినా, ఆ ఇద్దరిలో ఎవరైనా సగటు చూసి తన రేటు తీసివేసుకుంటే రెండవవారి రేటు బయటపడుతుంది. ముద్రణకు వెళ్లేముందు మా న్యాయవాది అది చూసి ఆపించారు. అచ్చుకు ఇచ్చిన అడ్వాన్సు పోయింది, పరువు మిగిలింది.

అమెరికాలో ఆరోగ్య రంగానికి 1996లో ప్రకటించిన సురక్షిత పరిధి, అంటే పాటిస్తే అధికారులు సాధారణంగా చర్య తీసుకోని షరతులు, ఒకప్పుడు అన్ని సంఘాలకూ కొలమానంగా ఉండేది. పోటీదారులు కాక మూడవ పక్షం సర్వే నిర్వహించాలి. సమాచారం 3 నెలలకు మించి పాతదై ఉండాలి. ప్రతి అంకె వెనుక కనీసం 5గురు ఉండాలి, వారిలో ఏ ఒక్కరి వాటా 25 శాతం దాటకూడదు. ఎవరిది ఏ అంకో గుర్తుపట్టలేనట్టు కలిపి ప్రకటించాలి. ఈ పరిధిని అక్కడి న్యాయ శాఖ, పోటీ నియమాలు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఉపసంహరించుకున్నాయి. కాబట్టి ఆ షరతులన్నీ పాటిస్తే చాలు, భయం లేదని ఇప్పుడు ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా వాటికన్నా తక్కువ జాగ్రత్తతో సర్వే జరపడం మాత్రం తెలివైన పని కాదు. వచ్చే ఏడాది ఎంత పెంచబోతున్నారని ఎన్నడూ అడగవద్దు. ఫలితాలను సభ్యులకే పరిమితం చేయకుండా ఎవరైనా చూడగలిగేలా ఉంచండి, ఎందుకంటే కొనేవారికి కూడా ఉపయోగపడే సమాచారం మీద అనుమానం తక్కువగా ఉంటుంది. అమెరికా సుప్రీం కోర్టులో 1921లో గట్టి కలప ఉత్పత్తిదారుల సంఘం ఓడిపోవడానికి, 1925లో మేపుల్ ఫ్లోరింగ్ సంఘం గెలవడానికి మధ్య తేడాలో ఇదీ ఒక భాగమే. మొదటివారు ఎవరు ఎవరికి ఎంతకు అమ్మారో పేర్లతో సహా పంచుకుని, ధరలు పెంచమని ఒకరినొకరు ప్రోత్సహించుకున్నారు. రెండవవారు ముగిసిపోయిన లావాదేవీల సగటులను, పేర్లు లేకుండా, బయటికి కూడా ఇచ్చారు.

సంగీతానికి దగ్గరి ఉదాహరణ కావాలంటే, అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ మీద 2017లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తీసుకున్న చర్యను మీ కార్యవర్గంలో చదివించండి. చర్చిలలో ఆర్గన్ వాయించేవారి సంఘం అది. పారితోషికాల పట్టికలు, లెక్కకట్టే సూత్రాలు ప్రచురించడం, ఆ చర్చిలో స్థిరంగా వాయించే కళాకారుడి అనుమతి లేకుండా మరొకరు అక్కడ వాయించకూడదని నియమావళిలో రాసుకోవడం మీద అభ్యంతరం వచ్చింది. చివరికి రాజీ ఉత్తర్వుకు ఒప్పుకుని వాటిని వదులుకోవలసి వచ్చింది. ఆ సంఘంలో ఎవరూ కోటీశ్వరులు కారు. మీ నియమావళిలో "తోటి సభ్యుడి ఖాతాదారు దగ్గరికి వెళ్లరాదు" వంటి వాక్యం ఎక్కడైనా దాగి ఉందేమో ఒకసారి చూడండి. రేట్ల కన్నా అటువంటి వాక్యాలే ముందు బయటపడతాయి.

జవాబు 5: శిక్షకుడు_శ్రుతి

కొత్త సభ్యురాలికి ఏం చెప్పాలన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. నేను కొత్తవారికి ఇరవై మందికి పైగా పని నేర్పాను. ఇతరుల రేటు తెలియకపోవడం వారి అసలు ఇబ్బంది కాదు. తన ఖర్చు తనకు తెలియకపోవడమే ఇబ్బంది.

ఉదాహరణకు ఒకరు వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 46 వారాలు పని చేస్తారనుకుందాం. మొత్తం 1,840 గంటలు. తనకు ఏడాదికి కావలసిన ఆదాయాన్ని, ఖర్చులను కలిపి, ఆ మొత్తాన్ని 1,840తో భాగించి గంట రేటు పెట్టుకుంటారు. కానీ ప్రయాణాలు, ఫోన్లు, సామాను తెప్పించుకోవడం, లెక్కలు రాసుకోవడం పోగా వాద్యం ముందు కూర్చున్నవి వారానికి 26 గంటలే అయితే, డబ్బు వచ్చే గంటలు 1,196 మాత్రమే. అంటే కావలసిన రేటులో 35 శాతం మొదటి రోజే పోగొట్టుకున్నారన్నమాట. దీన్ని కనిపెట్టడానికి పక్కవాడి రేటు అవసరం లేదు, ఒక నెల రోజులు డైరీ రాసుకుంటే చాలు. ఆ తరువాత పనిముట్ల అరుగుదల, బీమా, శిక్షణ ఖర్చు, పని దొరకని వారాలు, తిరిగి ఉచితంగా వెళ్లి సరిచేయవలసిన పనులు కలుపుకుంటే తన అంకె తనకు వస్తుంది.

సంఘం ఈ లెక్కను తరగతిలో నేర్పవచ్చని మా న్యాయ సలహాదారు చెప్పారు, ఒక షరతు మీద. గడులు ఖాళీగా ఉండాలి. నేను పైన రాసిన 26 గంటలు, ఇంత శాతం లాభం అని సంఘమే నింపి పంచితే, అది లెక్క నేర్పడం కాకుండా రేటు పట్టిక ఇవ్వడం అవుతుంది. పైన చెప్పిన ఆర్గనిస్టుల విషయంలో సూత్రాల మీద అభ్యంతరం ఎందుకు వచ్చిందో ఇక్కడ అర్థమవుతుంది. తరగతిలో ఎవరైనా తన ఫలితాన్ని పైకి చదవబోతే నేను ఆపుతాను. మొదట్లో అది మొరటుగా అనిపించింది. ఇప్పుడు విద్యార్థులే ఒకరినొకరు ఆపుకుంటున్నారు.

వ్యాఖ్య: కార్యదర్శి_వాద్యసంఘం

అందరికీ కృతజ్ఞతలు. సంఘం పేరుతో ప్రకటన ఈ ఉదయమే గ్రూపులో పెట్టాను. పెద్దాయనకు ఫోను చేసి వివరించాను. ఆయన ముందు నొచ్చుకున్నారు, తరువాత తన వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు తానే గ్రూపులో రాశారు. మా నియమావళిలో, నిర్వాహకురాలు గారు ఊహించినట్టే, తోటి సభ్యుడి ఖాతాదారుల గురించి ఒక వాక్యం ఉంది. దాన్ని వచ్చే సర్వసభ్య సమావేశంలో తొలగించే తీర్మానం సిద్ధం చేస్తున్నాము. సర్వే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాము. ఖాళీ గడుల తరగతి మాత్రం పెట్టాలనుకుంటున్నాము.

ఇంకొక్క సందేహం. ఆ కొత్త సభ్యురాలు గ్రూపులో కాకుండా, ఒక పెద్ద పనివాడికి విడిగా ఫోను చేసి అడిగితే?

జవాబు 6: పోటీచట్టం_న్యాయవాది

గ్రూపు అయినా ఫోను అయినా చట్టం దృష్టిలో తేడా లేదు. ఇద్దరూ ఒకే ఖాతాదారుల కోసం పోటీ పడేవారా అన్నది చూడాలి. పడేవారైతే, ఇద్దరి మధ్య జరిగిన ఒక్క సంభాషణ కూడా చాలవచ్చు. ఒకే ఒక్క సమావేశం ఆధారంగా కూడా సమన్వయం నిరూపణ కావచ్చని 2009లో నెదర్లాండ్స్ మొబైల్ కంపెనీల కేసులో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. వృత్తి మానేసిన గురువునో, తమ ఖాతాదారులు ఎన్నడూ కలవనంత దూరంలో పని చేసేవారినో అడిగితే ప్రమాదం చాలా తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ తగ్గించడానికి పోటీయే లేదు. ఖాతాదారులను అడిగి తెలుసుకోవడానికి, బహిరంగంగా ప్రకటించిన రేట్లను చదువుకోవడానికి ఆమెకు ఏ అడ్డూ లేదు. ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో తన డైరీలో తేదీతో సహా రాసుకోమనండి. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే అది పనికొస్తుంది.